కాగితం మీద బోరు దుమ్ము

ఈ మధ్య కొత్తకోటలో బస్సు కోసం నిలబడి ఉండగా, పొడవైన ఇనుప స్తంభాన్ని వీపున పడుకోబెట్టుకుని ఒక బోరు బండి ఎదురుగా వెళ్లింది. ఆ బండి కనబడితే నాకు నిరుటి ఎండాకాలమూ, వనపర్తిలో మా ఇంటి వరండా నిండా మేనకోడలు పరిచిన కాగితాలూ గుర్తుకొస్తాయి. జపాను పద్ధతిలో బొమ్మల కథలు గీసే ఆ అమ్మాయికి హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థ కొలువు ఇవ్వడానికి ముందుకొచ్చింది. మానవపాడు దగ్గర సేద్యం చేసే వాళ్ల నాన్న, అంటే మా బావ, బొమ్మలు గీయడం కొలువెలా అవుతుందని భీష్మించుకున్నాడు. చివరికి, ఆమె గీస్తున్న కథ చూశాకే మాట చెబుతానన్నాడు.

కథలో ఒక బోరు బండి కాళ్లు మొలిపించుకుని కరువు రాక్షసుడితో తలపడుతుంది. భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నేను ఆ కాళ్లను క్షమించాను గాని, మిగతావి తనిఖీ చేయకుండా ఉండలేకపోయాను. బండి ముందుకు దూకుతుంటే వేగాన్ని చూపే గీతలు వెనక్కి సాగాయి, సరే. ధడధడమనే చప్పుడు యంత్రం దగ్గర లావు అక్షరాలతో మొదలై దూరానికి సన్నబడింది; అదీ సరే. కానీ రాయి పగిలిన మరుక్షణమే తేటనీరు ఆకాశానికి ఎగజిమ్మింది.

"ముందుగాల దుమ్ము రావాలె గదమ్మా? కంప్రెషర్ గాలి లేపకుంటె నీళ్లు గంత ఎత్తుకు ఎట్ల లేస్తయ్?" అన్నాను.

"రాక్షసుడు ఉన్నడా లేడా అని అడగవు గానీ, దుమ్ముకు లెక్కలడుగుతవేంది మామా!"

అలిగింది గాని, మళ్లీ గీసింది. మా వైపు బోరు వేసేటప్పుడు, ఒక్కో రాడ్డు దిగినకొద్దీ పైకొచ్చిన పొడిని విడివిడి కుప్పలుగా పోస్తారు. పొలం ఆసామి ఒక్కో కుప్పలోంచి చిటికెడు తీసి, తడి తగులుతుందేమోనని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఆ కుప్పలను ఆమె చుక్కలతోనే గీసింది. మొదట పలుచగా, పోనుపోను దట్టంగా. ఆఖరి కుప్ప ఉన్న పేజీలో గీతలూ లేవు, చప్పుళ్లూ లేవు.

ఆదివారం పొద్దున బావ వచ్చాడు. రాక్షసుణ్ని చూసి, "వీని మొకం అచ్చం నీ లెక్కనే ఉన్నది బామ్మర్దీ!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఒక్కో పేజీ తిప్పసాగాడు. ఆఖరి కుప్ప దగ్గర, తనకు తెలియకుండానే, ఆయన వేళ్లు కాగితం మీదికి పోయి, ఆ చుక్కలను చిటికెడు తీసుకున్నట్టు ఒకదానితో ఒకటి నలుపుకున్నాయి.

"ఈడ తడి తగిలింది," అన్నాడు నెమ్మదిగా.

తర్వాత మేనకోడలి వైపు తిరిగాడు.

"ఎప్పుడు రమ్మన్నరు బిడ్డా హైదరాబాదుకు? జర ముందుగాల చెప్తే బస్సెక్కించొస్త."

ఒక్క పరిశీలనతో ఏదీ రుజువు కాదని ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ని, కాలం గడిచేకొద్దీ జ్ఞాపకాలు రంగు మార్చుకుంటాయని హెచ్చరించినవాణ్ని కూడా నేనే. అయినా ఆ ఆదివారాన్ని మాత్రం కాలానికే వదిలేశాను, దానికి నచ్చిన రంగు వేసుకోనీ.