తలుపవతల ఊపిరి

పెళ్లయిన కొత్తలోనే రామతులసికి మొగుడి గురక అలవాటైపోయింది. ఆమెను భయపెట్టింది గురక కాదు, అది ఉన్నట్టుండి ఆగిపోవడం. హనుమయ్యకు ఆటోనగర్‌లో లారీల కింద కుదుపు ఆపే కమాను కట్టలు బాగుచేసే షెడ్డుంది. రోజంతా ఒళ్లు హూనం చేసుకుని వచ్చి పడుకునేవాడు. వయసుతోపాటు మెడ లావెక్కింది. నిద్రలో ఛాతీ ఎగసేది గాని గాలి ఆడేది కాదు. ఆమె భుజం పట్టి కుదిపితే గుక్క తిప్పుకుని పక్కకి దొర్లేవాడు. పొద్దున చెబితే నవ్వేసేవాడు. ఆమె చెప్పడం మానేసి, ఒక చెయ్యి అతని మీద వేసుకుని పడుకోవడం నేర్చుకుంది.

హనుమయ్యకు కడుపులో మంట ముదిరి పటమటలో ఒక ఆసుపత్రికి వెళ్లారు. మొదటిసారి గొంతులోకి గొట్టం దించబోతే హనుమయ్య తట్టుకోలేక పీకేశాడు. ఈసారి మత్తిచ్చి ఎండోస్కోపీ చేస్తామన్నారు. మత్తు డాక్టరు శాంభవి బీపీ, షుగరు, పడని మందులు అన్నీ అడిగింది. గురక పెడతారా అంటే అందరూ పెట్టేదేగా అన్నాడతను. నలుగురిలో మొగుణ్ని కాదన్నట్టవుతుందని రామతులసి నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

అతన్ని లోపలికి తీసుకెళ్లాక తలుపు మూసుకుంది. లోపల అతన్ని కుదిపేవాళ్లెవరూ లేరని అప్పుడు తట్టిందామెకు. ఈపాటికి మత్తు ఎక్కించేశారేమో! లేచి తలుపు బాదింది. నర్సు హెలెన్ తలుపు తీసి, కూర్చోమంది. రామతులసి ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆయనకి నిద్రలో ఊపిరాగిపోద్దండీ. నేను కుదిపితేగాని రాదు. ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు."

శాంభవి బయటికొచ్చి అంతా ఓపిగ్గా విన్నది. మందు ఇంకా ఇవ్వలేదని, మోతాదు తగ్గించి కొద్దికొద్దిగా ఇస్తామని, ఊపిరి ఆడుతోందో లేదో చూపించే మిషను పెడతామని చెప్పింది.

"అయినా ఆగితే?"

"ఆగొచ్చమ్మా. నేను తల దగ్గరే ఉంటాను. గడ్డం పైకెత్తి పడతాను, అవసరమైతే మాస్కుతో గాలి పంపుతాను."

నిజం విన్నాక ఆమె భయం ఇంకా పెరిగింది. తలుపు మళ్లీ మూసుకుంది. మిషను కూత సన్నగా వినపడుతూ ఉంది. ఉన్నట్టుండి కూత మారింది. హనుమయ్య గారూ, ఊపిరి తీసుకోండి అంటున్న శాంభవి గొంతు వినిపించింది. రామతులసి కుర్చీ పట్టుకుని, తనే ఊపిరి బిగబట్టింది. కాసేపటికి కూత మామూలైంది.

తర్వాత లోపలికి పిలిచారు. కడుపులో పుండు చిన్నదే, మందులతో తగ్గుతుందన్నారు. ఊపిరి ఆగబోయిందని, గడ్డం ఎత్తి పట్టుకుంటే సర్దుకుందని, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే నిద్ర పరీక్ష మాత్రం తప్పదని శాంభవి చెప్పింది. హనుమయ్య కళ్లు తెరిచి, ఇంకా మొదలుపెట్టలేదా అని అడిగాడు. నిద్ర పరీక్ష మాట చెబితే, అదంతా ఎందుకులే అని గొణిగాడు.

రామతులసి శాంభవి వైపు తిరిగింది.

"ఆయన్ని అడగకండి డాక్టరు గారూ. ఎప్పుడు రమ్మంటారో నాకు చెప్పండి, నేను తీసుకొస్తాను."