సర్పంచి బోర్డూ, నాయనమ్మ పరుపూ

ఆ రోజుల్లో నేను అనుమానించకుండా మంచినీళ్లు కూడా తాగేవాణ్ని కాదు. పాలాయన నవ్వితే పాలలో నీళ్లెక్కువ పోశాడనీ, నవ్వకపోతే ఎక్కడ దొరికిపోతానో అని భయపడుతున్నాడనీ అనుకునేవాణ్ని. మా ఇంట్లో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు, నాయనమ్మ దగ్గర్నుంచీ అందరికీ నేను 'సీఐడీ'నే. "సీఐడీ గారు లేచారా?" అని ఆవిడ అడిగితే, ఈవిడ ఎందుకడుగుతోందబ్బా అని ఓ నిమిషం ఆలోచించిగానీ మంచం దిగేవాణ్ని కాదు. (ఇరవై మూడేళ్ల వయసులో అది నాకు అచ్చం తెలివితేటల్లాగే కనిపించేది.) ఇంతటివాణ్నీ సముద్రాన్ని మాత్రం గుడ్డిగా నమ్మాను. మంగినపూడి తీరంలో ఎవరో పారేసిన చెక్క మీద బోర్లా పడుకుని, అలతోపాటు ఒడ్డుకు జారుకుంటూ వచ్చి, మెల్లగా దాని మీద లేచి నిలబడటం నాకు నేనే నేర్చుకున్నాను. వలలు బాగుచేసుకునే జాలర్లు "బాబుకి పడవెక్కే యోగం లేనట్టుంది, పీటెక్కాడు" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, రోజూ చూసేవాళ్లు.

అసలైన సర్ఫ్ బోర్డు నాకు దివిసీమలో దొరికింది. అక్కడ రొయ్యల చెరువులున్న ఆసామి ఒకాయన గోవా వెళ్లొచ్చిన ఊపులో ఏడడుగుల బోర్డు కొన్నాడు. ఊపు తగ్గాక దాన్ని చెరువు గట్టు మీది షెడ్డులో రెండు సిమెంటు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, దాని మీద మేత బస్తాలు పేర్చుకున్నాడు. నేను బస్తాలన్నీ దింపించి, పుచ్చకాయను కొట్టి చూసినట్టు బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో కొట్టి చూశాను. "ఏంటండీ, పండిందా?" అన్నాడాయన. ఎక్కడా పగులు లేదు. ఎందుకు లేదా అని అదొక అనుమానం. మొత్తానికి దాచుకున్నదంతా ఊడ్చి ఇచ్చి కొన్నాను. అప్పుడే విశాఖపట్నంలో సర్ఫింగు నేర్పేవాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆదివారం పొద్దున ఎవరి బోర్డు వాళ్లు తెచ్చుకుని రావాలి, సముద్రంలో పరీక్ష, నెగ్గినవాళ్లకు నేర్పే ఉద్యోగం. మా నాన్న ఒక్కటే మాట చెప్పాడు. "వెళ్లు. అది రాకపోతే మాత్రం సోమవారం నుంచి బంటుమిల్లిలో మీ మావయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి." యూరియా వాసన తలుచుకుంటేనే నాకు తుమ్ములొచ్చేవి.

ఇక బోర్డును విశాఖ చేర్చాలి. దారి పొడుగునా రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు, బోర్డు ముక్కు దగ్గర ఒక్క సొట్ట పడినా పరీక్ష అక్కడితో సరి. బాబాయి కారు పైన కట్టుకుని తీసుకెళ్తానన్నాడు, కానీ ఆయన కారు కొత్తది, సీట్ల మీద ప్లాస్టిక్కు కూడా తియ్యలేదు. "టాపు మీద గీత పడిందా, నీ వీపు మీద పడతాయి" అన్నాడు. కాబట్టి బోర్డుకు మెత్తటి సంచి కావాలి, అది చవగ్గా కావాలి. ఆన్‌లైన్‌లో చూస్తే అసలైన సంచుల ధరలు నా గుండెకు సొట్ట పెట్టాయి. అందులో చవకదాని కింద ఎవరో ఐదు నక్షత్రాలిచ్చి "సూపర్ ప్రొడక్ట్, పిల్లలకు బాగా నచ్చింది" అని రాశాడు. బోర్డు సంచి పిల్లలకు నచ్చడమేమిటి? వీడెవడో డబ్బులు తీసుకుని రాశాడని ఫోను మూసేశాను. గుడివాడలో టార్పాలిన్లు కుట్టే కొట్టుకు వెళ్లాను. ఆయన టేపు మొదటి రెండంగుళాలూ చిరిగిపోయి మూడో అంగుళం దగ్గర మొదలవుతోంది. ఆ రెండంగుళాలు ఎవరి ఖాతాలో పోతాయని నిలదీస్తే "ఎవరి టేపు వాళ్లు తెచ్చుకోండి బాబూ" అన్నాడు. పైగా దేనికని అడిగి, "సర్ఫ్ బోర్డుకండీ" అంటే, చుట్టూ చూసి గొంతు తగ్గించి, "ఏ ఊరి సర్పంచికండీ? ఏ పార్టీ మద్దతు?" అన్నాడు. అవి పంచాయతీ ఎన్నికల రోజులు. నేను విసుక్కుని బందరు బస్సెక్కాను గానీ, ఆ మాట నాతోపాటే బస్సెక్కిందని నాకప్పుడు తెలియదు.

చివరికి మా వీధి చివర పరుపులు కుట్టే సాయిబుగారే దిక్కయ్యారు. నాయనమ్మ తన పాత పరుపు ఇచ్చేసింది. "దూది మనదైతే కుట్టుకూలే గదరా అయ్యేది" అంది. ఆ మాట బాగానే ఉంది కానీ మన దూది మనకే తిరిగొస్తుందన్న నమ్మకమేమిటి? పరుపు ఓ మూల విప్పి, బట్టలకు పెట్టే నీలం తీసుకుని, ఏడు దూది ఉండలకు ఒక్కో బొట్టు పెట్టి, అక్కడక్కడ దూర్చి మళ్లీ కుట్టేశాను. (ఏడే ఎందుకంటే, ఎనిమిదో బొట్టు పెట్టేలోపు నాయనమ్మ వచ్చింది.)

సాయిబుగారు బోర్డును చుట్టూ తిరిగి చూసి, కాళ్లు జారకుండా దాని మీద రాసిన మైనాన్ని వేలితో గీరి వాసన చూశారు. "ఇది ఎండకి కరుగుద్దా?" అన్నారు. కరుగుతుందన్నాను. "అయితే నల్ల గుడ్డ వద్దు నాయనా, పైన వెండిరంగు షీటు వేద్దాం, ఎండని తిప్పికొడుద్ది. పొడుగు నాలుగు వేళ్లు ఎక్కువుండాలి. ముక్కు దగ్గరా తోక దగ్గరా రెండు పొరలు. ఇనప జిప్పు వేస్తే మన బందరు గాలికి ఆరు నెలల్లో తుప్పు, ప్లాస్టిక్కుదే వేస్తా." జన్మలో సర్ఫ్ బోర్డు చూడని మనిషి ఇన్ని సంగతులు చెబుతుంటే నాకేమనిపించాలి? వెండిరంగు షీటు ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది, నాకంటగడుతున్నాడని అనిపించింది. కదలకుండా బల్ల మీద కూర్చుని ఆయన చేతులే చూస్తున్నాను. మధ్యాహ్నం ఆయన టోపీ పెట్టుకుని "నమాజుకెళ్లొస్తా, కొట్టు చూస్తా ఉండు బాబూ" అని గల్లాపెట్టెకు తాళమైనా వెయ్యకుండా వెళ్లిపోయారు. నన్నెందుకు ఇంత నమ్ముతున్నాడు? ఇందులో ఏదో ఉంది! ఆయన వచ్చేదాకా గల్లాపెట్టెకు ఆమడ దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వచ్చాక అమ్మ భోజనానికి రమ్మని ఫోను మీద ఫోను. గంటలో తిరిగొచ్చేసరికి కుట్టడం అయిపోయింది. సంచి చక్కగా, తేలిగ్గా ఉంది. మరీ తేలిగ్గా ఉంది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. వెండిరంగులో మెరిసిపోతూ ఏడడుగుల సంచి కారు పైన, మొహం ముడుచుకుని బాబాయి స్టీరింగు దగ్గర, తాళ్లు వదులయ్యాయేమో అని కిటికీలోంచి తల బయటపెట్టి నేను. గుడివాడ దాటాక రైసుమిల్లు పక్కన పోలీసులు కారు ఆపారు. ఎస్సైగారు పైకి చూసి "ఏంటది?" అన్నారు.

"సర్ఫ్ బోర్డండీ" అన్నాను.

"సర్పంచి బోర్డా! ఎన్నికల కోడ్ ఉండగా కారు మీద కట్టుకుని ఊరేగుతున్నారా? దించండి."

దించాం. జిప్పు తీసి చూపించాను. బోర్డు మీద పేరూ లేదు, గుర్తూ లేదు. ఎస్సైగారు కాస్త మెత్తబడి, సంచి అంచు రెండు వేళ్లతో నొక్కి "ఇంత మందమేంటి? లోపలేముంది?" అన్నారు. అప్పుడు నోరు మూసుకుని 'దూది' అంటే సరిపోయేది. మనకు అలవాటు లేదే! "మా నాయనమ్మ పాత పరుపులో దూదండీ, నలభై ఏళ్ల నాటిది, కావాలంటే చూస్కోండి, నీలం బొట్లు కూడా ఉంటాయి" అన్నాను. నీలం బొట్లనగానే ఎస్సైగారి కనుబొమలు టోపీలోకి వెళ్లిపోయాయి. పక్కనున్న హోంగార్డు బ్లేడుతో జానెడు కుట్టు విప్పాడు. లోపలినుంచి పట్టులాంటి తెల్లటి దూది గాలికి లేచి, రోడ్డు దాటి, కోసిన వరిచేల మీదికి ఎగిరిపోయింది. పాతదీ కాదు, పచ్చబడిందీ కాదు.

"ఇది నలభై ఏళ్ల దూదా?" అన్నారు ఎస్సైగారు.

"ఇది నా దూది కాదు!" అని అరిచాను.

"నీది కాదా? మరెవరిది?"

"మార్చేశాడండీ! నాకు ముందే తెలుసు! గంటలో మార్చేశాడు!" ఒకపక్క కారు పోయేలా ఉంది, బోర్డు పోయేలా ఉంది, సోమవారం ఎరువుల కొట్టు నోరు తెరుచుకుని చూస్తోంది. అయినా నిజం చెప్పాలంటే, నాకు లోపల పరమానందంగా ఉంది. ఎన్నేళ్ల తర్వాత నా అనుమానం ఒక్కటి నిజమైంది! బాబాయి మాత్రం తల స్టీరింగుకు ఆనించి "ఒరే సీఐడీ, నువ్వు నోరు ముయ్యరా తండ్రీ" అన్నాడు. ఆ మాట విని ఎస్సైగారు "ఎవరు సీఐడీ?" అని మళ్లీ మొదలుపెట్టారు. చివరికి, కుట్టినాయనకు ఫోను చెయ్యమనీ, స్పీకరు పెట్టమనీ అన్నారు.

"నా దూది ఏం చేశారు సాయిబుగారూ?" అన్నాను, గొంతు వీలైనంత గంభీరంగా పెట్టి.

"మార్చాను బాబూ" అన్నారాయన, టీ తాగారా అంటే తాగామన్నట్టు. "మీ నాయనమ్మగారిది పత్తి దూది, నీళ్లు తాగుద్ది. సముద్రం సరుకన్నావు గదా. ఒక్క వాన పడితే బరువెక్కి, బోర్డూ కారూ రెండూ తడిసి ముద్దవుతాయి. బూరుగు దూది పెట్టాను, అది నీళ్లు పట్టదు. నీ దూది మూటగట్టి అటకెక్కించా, తీసుకెళ్లు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే, ఊరికే ఎందుకిస్తున్నాడా అని నీకు నిద్రపట్టదు గదా నాయనా. పరీక్షన్నావుగా."

ఎస్సైగారు ఫోను నా చేతిలో పెట్టి, నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "మేం డ్యూటీలో ఉంటేనే అనుమానిస్తామయ్యా. నువ్వు సెలవు కూడా పెట్టవేంటి?" అన్నారు. హోంగార్డు మిల్లులోకి వెళ్లి, బస్తాలు కుట్టే దబ్బనమూ పురికొసా తెచ్చి, విప్పిన జానెడూ తనే కుట్టిచ్చాడు. తుని దగ్గర కుండపోతగా వాన. బాబాయి కారాపి దిగి, తడుస్తూనే సంచి ఎత్తి చూసి, "బరువెక్కలేదురా" అన్నాడు. నాకు సిగ్గుగా ఉంది, అంతే. మర్నాడు మొదటి అల నన్ను కింద పడేసింది, రెండోదీ పడేసింది, మూడోదాని మీద నిలబడ్డాను. తీసుకున్నారు.

తిరిగొచ్చాక మొదటి పని సాయిబుగారి కొట్టుకు వెళ్లడం. క్షమాపణ మాటలు దారంతా కూర్చుకుంటూ వెళ్లాను గానీ, నోరు తెరిచేలోపే ఆయన అటకమీది మూట దించారు. దాని పైన కాగితం పొట్లం ఒకటి విడిగా కట్టి ఉంది. "ఇవి ఏడు, లెక్క చూసుకో బాబూ" అన్నారు. విప్పితే నా నీలం బొట్ల ఉండలు! పాత పరుపు ఏదైనా ముందు చేత్తో విప్పి చూస్తారట, సూదులుంటాయి, ఒక్కోసారి ఉంగరాలు కూడా దొరుకుతాయి, తిరిగివ్వాలి కదా అన్నారు. "ముందు పిల్లలెవరో నీలం ఒలకబోశారనుకున్నా. బొట్లన్నీ ఒకే సైజులో ఉంటే అర్థమైంది." అంటే నేను ఆయన్ని దొంగనుకుంటున్నానని తెలిసే, ఆ మనిషి తన బూరుగు దూది నా సంచిలో కుక్కారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బూరుగు దూది డబ్బులు తీసుకోమంటే మారు మాట్లాడకుండా తీసుకున్నారు, మొహమాటం నటించలేదు. కానీ వెళ్లబోతుంటే ఆపి, "ఒక్కటి మాత్రం నేను నమ్మట్లేదు నాయనా. ఆ చెక్కెక్కి నీళ్లమీద నిలబడతావా?" అన్నారు. ఫోనులో వీడియో చూపించాను. కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు, మూడోసారి ఫోను తిప్పి వెనకవైపు కూడా చూశారు. "గ్రాఫిక్స్ కాదుగా?" అన్నారు.

ఇప్పుడు నేను పిల్లలకు అలల మీద నిలబడటం నేర్పుతున్నాను. వాళ్లు బోర్డెక్కుతూ "సార్, వదిలెయ్యరు కదా?" అని అడుగుతారు, నేను వదలనంటాను, వాళ్లు నమ్మేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు ఆ ఇరవై మూడేళ్ల సీఐడీ గుర్తొస్తాడు. వెధవ, ఎంత కష్టపడి బతికాడో అని జాలేస్తుంది, నవ్వొస్తుంది. సంచి ఇంకా గట్టిగానే ఉంది, పురికొస కుట్టు చెక్కుచెదరలేదు. ఆ కాగితం పొట్లం నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి లెక్కపెడతాను. ఏడే ఉంటాయి.