తమ్ముడి మొదటి క్యాసెట్టులో ఒక కేక

విశాఖపట్నంలో నా తమ్ముడు పాడే బృందం రెండుగా చీలిపోయాక, వాడు గిటారు భుజాన వేసుకుని అరకు తిరిగొచ్చాడు. ఓడల్లో పనిచేసేవాళ్ళు తెచ్చిన క్యాసెట్లు విని నేర్చుకున్న సంగీతం వాడిది. దాన్ని హెవీ మెటల్ అంటారని వాడే చెప్పాడు. పాట మధ్యలో గొంతు చించుకుని ఒక కేక వేస్తాడు. అది లేకపోతే పాట పాటే కాదంటాడు.

ఇది ఎనభైల మొదట్లో మాట. వచ్చిన ఏడాదే మా చర్చి సంఘంలోని ఇద్దరు స్నేహితులతో కొత్త బృందం కట్టాడు. ఒకడు డ్రమ్ములు, ఒకడు రెండో గిటారు. వెనక పాడటానికి నేను. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని దీనికి ఒప్పుకున్నానంటే, పాటలన్నీ దేవుడి మీదే రాశాడు కాబట్టి. పది పాటలు, ఒక క్యాసెట్టు. వాడి జీవితంలో మొదటిది.

నాన్న కాఫీ తోటలో మేస్త్రీ, సంఘానికి పెద్ద. ప్రార్థన మందిరంలో రికార్డు చేసుకోనిచ్చాడు గానీ, కేకలు వద్దన్నాడు.

"దేవుడు సెవిటోడు కాడురా గుంటడా."

"నానూ మూగోణ్ణి కాను నాన్నా."

"అరిసేవంటే ఆ క్యాసెట్టు సంఘంలో ఒక్కరికీ ఇయ్యనివ్వను."

నాన్న కాదంటే మా కొండల్లో దాన్ని వినేవాడే ఉండడు. తొమ్మిది పాటలు తమ్ముడు బుద్ధిగా పాడాడు. పదోది, లోతు నీళ్ళల్లో మునిగిపోతున్న మనిషి దేవుణ్ణి పిలిచే పాట. మందిరం మెట్ల మీద కూర్చుని వాడు నాతో అన్నాడు: "ఇందులో కూడా అరవకపోతే ఇది నా క్యాసెట్టు కాదక్కా. ఎవుడిదో."

మరునాడు మధ్యాహ్నం టేప్ రికార్డరూ, మైకుసెట్టు వాళ్ళ బ్యాటరీ మోసుకుని మా పోడు చేలోకి వెళ్ళాం. నాన్న మాట మీరుతున్నానని తెలిసే నేనూ ఒక సంచీ పట్టుకున్నాను. పాట సగంలో తమ్ముడు కళ్ళు మూసుకుని కేక వేశాడు.

అది చోళ్ళు, అంటే రాగులు, పండే కాలం. చేలో అడవి పంది పడితే కాపలావాడు ఒక పొడుగు కేక వేస్తాడు. విన్నవాళ్ళందరూ డబ్బాలు కొడుతూ పరిగెత్తుకు రావాలి. అది మా కొండల్లో కట్టుబాటు. ఆ సంగతి మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఎదురు కొండ మీద డబ్బా మోగింది. తర్వాత దాని పక్క కొండ మీద. పాట అయ్యేసరికి ఏడెనిమిది మంది గొడ్డళ్ళతో, విల్లంబులతో, రెండు కుక్కలతో కొండల మధ్య పారే గెడ్డ దాటి వచ్చేశారు.

"పంది ఎటెల్లింది? బేగి సెప్పండి!" ముందున్న ముసలాయన రొప్పుతూ అడిగాడు. ఆయన నాన్నకు వరసకు మావ.

"పంది నేదు తాతా. పాట పాడతన్నాను," అన్నాడు తమ్ముడు.

"పాటేటి? పాటైతే నానెందుకు పరిగెట్టొచ్చాను? నీ పాటకి నా కాల్లో ముల్లిరిగిపోనాది!"

అందరూ నవ్వారు. వాళ్ళ వెనక నాన్న నిలబడి ఉన్నాడు. మా చేనుకు ఎగువనే తోట. చేతిలో కొమ్మలు నరికే కత్తి అలాగే ఉంది. ఆయన నవ్వలేదు.

"ఏదీ, అది ఎయ్యి," అన్నాడు టేప్ రికార్డరు చూపించి.

వేశాం. కేక వచ్చింది. దాని వెంట కొండ తర్వాత కొండ మీద డబ్బాలు, కుక్కల మొరుగుళ్ళు, దగ్గరవుతున్న అడుగులు. నాన్న మళ్ళీ వెయ్యమన్నాడు. తమ్ముడు తల దించుకుని గడ్డి పీకుతున్నాడు. వాక్యంలో "మొరపెట్టెను" అన్న మాట నేను ఎన్నిసార్లు చదివానో. ఎప్పుడూ నెమ్మదైన గొంతుతోనే చదివాను. మొర ఇలా ఉంటుందని అప్పటిదాకా తోచలేదు.

"నాను నీకేటో అయిపోనాదనే వచ్చేన్రా," అన్నాడు నాన్న. "దీన్ని ఆఖర్న ఎందుకెట్టావు? ముందెట్టు," అన్నాడు.

డబ్బాల చప్పుడు లేకుండా మళ్ళీ పాడమంటారా అని డ్రమ్ములు కొట్టే అతను అడిగాడు.

"వచ్చినోళ్ళని తీసేత్తారేటిరా?" అన్నాడు నాన్న.

తమ్ముడు జేబులోంచి పాటల వరస రాసుకున్న కాగితం తీసి, పదో పాటను మొదటికి మార్చుకున్నాడు.