బూడిదతో తోమిన నల్ల కారు

నా చిన్నప్పుడు మణుగూరు బజారు మొత్తం మీద కారును బూడిదతో తోమిన ఘనత నాదే. నాకు తెలిసి ఇప్పటిదాకా నాకు పోటీ రాలేదు. బిందెలూ పళ్లాలూ అమ్మే కొట్టులో పెరిగిన పిల్లకు లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు: తోమినవి, తోమాల్సినవి. మా బాబాయి సెకండ్ హ్యాండ్‌లో కొన్న నల్ల కారు నాకు రెండో రకంగా కనిపించింది.

కొట్టు మా నాన్న చూసుకునేవాడు. బాబాయికి మాత్రం నిలకడైన పని దొరకలేదు. చివరికి ఉన్నదంతా ఊడ్చి ఆ కారు కొన్నాడు. గనుల పనులు చేసే ఒక కాంట్రాక్టరుకు ఆఫీసు తిరుగుళ్లకు నెల కిరాయి మీద కారు కావలసి వచ్చింది. ఆ మధ్యాహ్నం వచ్చి చూస్తానని, నచ్చకపోతే చండ్రుగొండలో ఇంకో కారు సిద్ధంగా ఉందని కబురు పెట్టాడు. బాబాయి పొద్దున్నే కారు కడిగి, తాను కూడా కాస్త చూడదగ్గట్టు తయారవుదామని మంగలి దుకాణానికి వెళ్లాడు.

బేరానికి ముందు సరుకు మెరవాలని కొట్టులో నేను నేర్చుకున్నాను. పెరట్లో పొయ్యి దగ్గరి బూడిద, కొబ్బరి పీచు తెచ్చి డ్రైవరు వైపు తలుపు మొదలుపెట్టాను. మా ఊళ్లో పొయ్యి బూడిద అంటే బొగ్గు బూడిద. కట్టెల బూడిదలా మెత్తగా ఉండదు, ఇసుకలా గరగరలాడుతుంది. ఆ చప్పుడు వింటుంటే పని బాగా సాగుతోందని నాకు ధైర్యం వచ్చింది. తోమి నీళ్లు పోశాను. తడిగా ఉన్నంతసేపు తలుపు అద్దంలా ఉంది. ఆరాక చూస్తే అంతటా సన్నని గీతలు, సాలెగూడు తెచ్చి అతికించినట్టు.

నాది అప్పటికే వ్యాపారపు బుర్ర. కొబ్బరినూనె సీసా తెచ్చి తలుపుకు పట్టించాను. గీతలు మాయమయ్యాయి. నన్ను నేను మెచ్చుకునేలోపే మా నాయనమ్మ వెనక వచ్చి నిలబడింది.

"ఏందే ఇది, కారుకు తలంటు పోస్తున్నవా?"

చెప్పక తప్పలేదు. ఆమె తిట్టలేదు. "బొగ్గు లారీల దుమ్మంతా వచ్చి ఈ నూనె మీద కూసుంటది. ఆ సారు వచ్చేసరికి నీ తలుపుకు మీసాలు మొలుస్తయ్. ముందు సబ్బుతోని కడుగు" అంది.

నాయనమ్మకు కొట్టులో ఒక అలవాటు ఉండేది. గీత పడిన పళ్లెం కనిపిస్తే దాని మీద అడ్డంగా గోరు లాగేది. గోరు జారిపోతే రుద్ది మెరిపించి మామూలు ధరకు పెట్టేది. తట్టుకుంటే ధర తగ్గించి వేరే వరసలో పెట్టేది. నేను నూనె కడిగేశాక అదే గోరు తలుపు మీద నడిచింది. చాలావరకు జారిపోయింది. పిడి కింద ఒక్కచోట మాత్రం తట్టుకుని ఆగింది. పీచులో బొగ్గు పెళ్ల ఏదో ఇరుక్కుని ఉండాలి.

"ఇది రంగు లోపలిదాకా దిగింది, దీన్ని ముట్టకు. మిగిలినయన్ని పైపైనే ఉన్నయ్. పండ్లు తోమే తెల్ల పేస్టు పట్కరా, జల్దీ."

ఎండ పడకుండా తలుపు మీదికి దుప్పటి కట్టింది. తన మెత్తటి పాత చీర చింపి, తడిపి, దాని మీద శనగగింజంత పేస్టు వేసింది. అరచేయంత మేర గుండ్రంగా రుద్దడం, ఆరకముందే తడిగుడ్డతో తుడవడం, చూసుకుని పక్కకు జరగడం. నేను బిందె తోమినట్టు బలం చూపించబోతే చేతి మీద ఒకటి వేసింది.

"కోపం ఎవరి మీదనే? పసిపిల్ల చెంప తుడిచినట్టు తుడువు."

అట్లా తుడుస్తుంటే గీతల అంచులు కొంచెం కొంచెంగా అరిగి పక్కనున్న రంగులో కలిసిపోయాయి. తలుపులో మళ్లీ నా ముఖం కనిపించింది. అప్పుడే బాబాయి నున్నటి గడ్డంతో వచ్చి, కారుకు పేస్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, నా కారుకేమైందే?"

"నువ్వు గడ్డం గీయించుకుంటే అది ఊకుంటదా? పండ్లు తోముకుంటున్నది."

కాంట్రాక్టరు వచ్చేసరికి తలుపు తళతళలాడుతోంది. బాబాయి మాత్రం పిడి కింది గీతకు అడ్డంగా నిలబడి కదలడం లేదు. నాయనమ్మ అతని భుజం పట్టి పక్కకు నెట్టింది.

"సారూ, ముందుగాల ఇటు చూడుండ్రి. ఈడ ఒక గీత ఉన్నది, మా పిల్ల పని. ఇంకేమన్న ఉంటే గోరు పెట్టి మీరే చూసుకోండ్రి."

బాబాయి ముఖం మాడిపోయింది. కాంట్రాక్టరు నిజంగానే గోరు పెట్టి కారంతా చూశాడు. ఇంకేమీ దొరకలేదు. అయినా బేరం బేరమే కదా. "గీత ఉన్నది గద పెద్దమ్మా, కిరాయి కొంచెం తగ్గాలె" అన్నాడు.

"అవ్, తగ్గిద్దాం. మరి చండ్రుగొండ కారుకు ఎన్ని గీతలున్నయో దాని ఓనరు చెప్పిండా సారూ?"

ఆయన కాసేపు గీత వైపు, కాసేపు నాయనమ్మ వైపు చూసి నవ్వేశాడు. "చెప్పలే. రేపు పొద్దుగాల బండి పంపుండ్రి" అన్నాడు. కిరాయి రూపాయి తగ్గలేదు.

ఇప్పటి కార్లకు రంగు మీద ఇంకో సన్నని పూత ఉంటుంది. దానికి తగిన పాలిష్ దుకాణాల్లో దొరుకుతుంది. మా ఇంటి కారుకు గీత పడితే నేను ఆ పాలిష్ కొనే ముందు గోరు పెట్టి చూస్తాను, తట్టుకుంటే కొననే కొనను. ఏదైనా అమ్మేటప్పుడు దాని సొట్ట నేనే ముందు చూపిస్తాను. కొనేటప్పుడు మాత్రం సొట్ట ఎక్కడుందని అడిగి ఊరుకుంటాను. జవాబు ఆలస్యమైన కొద్దీ ధర దిగుతుంది.

ఇక ఆ రోజు లెక్క నిజాయితీగా తేలుస్తాను. ఖర్చు: ఇంటిల్లిపాదికీ నెలంతా రావాల్సిన పేస్టు, అర సీసా కొబ్బరినూనె, నాయనమ్మ చీర, ఆ కారు ఉన్నన్నాళ్లూ పోని గీత ఒకటి. రాబడి: తలుపు నేను ముట్టుకోకముందు ఎట్లా ఉందో మళ్లీ అట్లా అయింది, అంతకు వీసమెత్తు ఎక్కువ కాదు. కిరాయి నాయనమ్మ మాటకు వచ్చింది కాబట్టి నా పద్దులో వేసుకోలేను. మర్నాడు ఇంట్లో అందరం ఉప్పుతో పళ్లు తోముకున్నాం. బాబాయి కూడా ఉప్పుతోనే తోముకుని, కారు తీసి, డ్యూటీకి వెళ్లాడు.