బకెట్లో నాయిన దీపం

నాయిన పోయి అప్పటికి వారం కూడా కాలేదు. ఆయన్ని ఆఖరిసారి పడుకోబెట్టిన చోట, నడిమింట్లో, పళ్ళెంలో బియ్యం పోసి ప్రమిద పెట్టాం. దినాలు అయ్యేదాకా ఆ దీపం ఆరకూడదు. అది వెలుగుతున్నన్ని రోజులు పోయిన మనిషి ఇంట్లోనే ఉంటాడని మా దిక్కు నమ్మకం. అమ్మ నమ్మడంతో ఆగలేదు. వత్తి సరిచేస్తూ "పొద్దుగాల సంది చాయ్ తాగకపోతివి" అని దానితో మాట్లాడేది.

నాకు ఒళ్ళు మండేది. "దీపంతోని ఏంది మాటలు? ముందుగాల నువ్వు ఇంత తిను" అని కసిరేదాన్ని. నా నోరే అంత. ఏడుపు వచ్చినా కోపంగానే బయటికొస్తుంది.

మా ఇల్లు ఊరి చివర ఉంటుంది. ముందు బాన్సువాడ పోయే రోడ్డు, వెనక మా పొలం, పొలం వెనక గుట్ట. ఎండాకాలం చేతికొచ్చే యాసంగి వరిని అందరూ మిషన్‌తో కోయించేశారు. ఎక్కడ చూసినా ఎండిన కొయ్యకాళ్ళు, గడ్డి. ఆ మధ్యాహ్నం ఎవరో మహానుభావుడు తన పొలంలో కొయ్యకాళ్ళకు నిప్పంటించి, అన్నం తినడానికి ఇంటికి పోయాడు. గాలి లేచింది. నిప్పు గుట్టెక్కి, అడవి గడ్డినీ పొదలనూ పట్టుకుని, ఇటువైపు మా పొలంలోకి దిగింది. వాని చేతులు పడిపోను అని ఆ రోజు తిట్టాను. ఇవాళ్టికీ తిడతాను.

డాబా మీద బట్టలు తీస్తున్న వదిన ముందుగా చూసి కేక పెట్టింది. నేను వెనక తలుపు తీసేసరికి పొగ ముఖానికి కొట్టింది. మా గడ్డివాముకు, మంటకు మధ్య ఒక్క మడే మిగిలింది. అన్న బర్రెల పలుపులు విప్పి కాలువ వైపు తరిమాడు. గ్యాస్ సిలిండర్ ఊడబీకి, దొర్లించుకుంటూ తీసుకుపోయి రోడ్డవతల పడేశాడు. వదిన చేతికి దొరికిన బట్టలు మూటగట్టింది.

ఇంతలో ఆటో వచ్చి ఆగింది. రోజూ బాన్సువాడ నుంచి మా ఊరికి తిరిగే ఆటో భాయ్. నాయినను దవాఖానకు తీసుకుపోయింది ఆయనే, మళ్ళీ ఇంటికి తెచ్చిందీ ఆయనే.

"పెద్దమ్మా, జల్ది ఎక్కు! ఫైరింజన్ వస్తుందంటుండ్రు గని, అది వచ్చేదాంక మంట ఆగదు."

అమ్మ దీపం ముందు నుంచి కదల్లేదు. "మీరు పోండ్రి. ఆయన్ని ఒక్కన్ని ఇడిసిపెట్టి నేను రాను."

"ఇల్లు అంటుకుంటే ఏం జేస్తవే?" అన్న గొంతు చించుకున్నాడు.

"ఆయనతోనే పోత."

నాకు తిక్కరేగింది. "మాకు నాయిన పోయింది చాలదా? నువ్వు గూడ పోతవా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. అమ్మ నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తే, నన్ను చూసి జాలిపడినట్టు. లేచి వంటింట్లోకి పోయి, పాలు పితికే బకెట్ తెచ్చింది. పళ్ళెంలోని బియ్యం అడుగున పోసి, ప్రమిదను రెండు చేతులతో ఎత్తి అందులో దించింది. "పా, ఇగ పోదాం. ఆయన గూడ వస్తుండు" అంది.

ఆటో కదిలాక వదిన అడిగింది, ఎక్కడికి పోదామని. నిజమే, ఎక్కడికి పోతాం? మైలలో ఉన్నవాళ్ళు ఎవరి గడపా తొక్కకూడదు. బాన్సువాడలో మేనమామ ఇల్లుంది. అన్న ఆ మాట ఎత్తగానే అమ్మ తల అడ్డంగా ఊపింది. "మైలతోని నా తమ్మునింట్ల అడుగువెడతనా?"

భాయ్ వెనక్కి తిరగకుండానే అన్నాడు, "మా ఇంటికి పోదాం పెద్దమ్మా. మాకు గసొంటి పట్టింపులు లేవు. ఏం ఫికర్ జెయ్యకు."

అమ్మ బకెట్‌ను ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చుంది. గాలి తగలకుండా కొంగు అడ్డం పట్టింది. ఆ కొంగు ఎక్కడ అంటుకుంటుందోనని నాకు భయం. వెనక్కి చూస్తే మా ఇంటి వైపంతా పొగే. నిప్పు నుంచి పారిపోతూ ఒళ్ళో నిప్పు పెట్టుకున్నాం. కాలువ బ్రిడ్జి ఎక్కేచోట గుంత ఉంది. ఆటో ఎగిరిపడింది. అమ్మ "అయ్యో" అంది, ఒక్కసారే. ఆ తర్వాత బాన్సువాడ చేరేదాకా కొంగు తీయలేదు, తల ఎత్తలేదు. మాలో ఎవరమూ బకెట్లోకి చూడలేదు. ఇంత నోరున్నదాన్ని, నేనూ అడగలేదు.

భాయ్ వాళ్ళమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, అమ్మ చేయి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. అప్పుడు కొంగు తొలిగింది. ప్రమిద బోర్లాపడి ఉంది. నూనె అంతా బియ్యంలోకి ఇంకిపోయింది. ఆ ముసలమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తనే లోపలికి పోయి, అగ్గిపెట్టె, గిన్నెలో నూనె తెచ్చి అమ్మ ముందు పెట్టింది.

"వద్దక్కా," అంది అమ్మ. "మల్ల ముట్టిస్తె అది ఉత్త దీపమే అయితది."

మర్నాడు పొద్దున అదే ఆటోలో తిరిగి వచ్చాం. పొలమంతా నల్లగా ఉంది. గడ్డివాము బూడిదైంది. బర్రెల కొట్టం కూలిపోయింది. కానీ గాలి మళ్ళిందో, ఫైరింజన్ నీళ్ళే అందాయో, ఇల్లు మాత్రం నిలబడి ఉంది. అన్న సంతోషం పట్టలేక గోడలు తడిమి చూశాడు. "అమ్మా, సూడు! ఏం గాలె. మనిల్లు మంచిగనే ఉన్నది!" అని పిలిచాడు.

అమ్మ బకెట్ పట్టుకుని నడిమింట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. ఒక్క కిటికీ అద్దం కూడా పగల్లేదు. నేల మీద పళ్ళెం పెట్టిన చోట నూనె మరక అలాగే ఉంది. పక్కన ఖాళీ పళ్ళెం, మిగిలిన నూనె సీసా, వత్తులు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అమ్మ ఆ మరక పక్కన కూర్చుని దాని మీద అరచేయి ఆనించింది.

"ఈడనే ఉంచితె ఆయన ఉంటుండె గదా బిడ్డా," అంది. "నేనే తీస్కపోయి పోగొట్టిన."

అన్న ఇంకా నవ్వుముఖంతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అమ్మ వాడి వైపు చూసింది.

"ఇల్లు కాలిపోయినా మంచిగనే ఉంటుండె కొడుకా," అంది.