ఖాళీలో పెట్టిన సున్నా

ఓడల్లో ఇంజనీరుగా చేసే మా బావ ఒకసారి సెలవుల్లో వస్తూ సింగపూరు నుంచి చేతిలో ఇమిడే జీపీఎస్ మిషను తెచ్చిచ్చాడు. రెండువేల సంవత్సరం దాటి కొన్నాళ్లయింది. ఉక్కునగరంలో మా సెక్టారు మొత్తానికి అలాంటిది అదొక్కటే. నేను ప్లాంటులో సర్వే పని చేసేవాణ్ణి. అందుకని దాని వాడకం నాకొకరు చెప్పనక్కర్లేదనుకున్నాను. అట్టపెట్టె విప్పిన పది నిమిషాల్లో సెట్టింగుల్లోకి వెళ్లి, అంకెలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో కనిపించేలా మార్చాను. ఆఫీసులో మా పద్ధతి అది. వేరే పద్ధతులున్నాయని తెలుసు, వాటితో నాకు పనిలేదనుకున్నాను. అప్పట్లో నాకు కాస్త తలపొగరు ఉండేది. ఇప్పుడు తగ్గిందంటే మా ఆవిడ ఒప్పుకోదు.

మిషనుతోపాటు బావ ఒక ఆట కూడా నేర్పాడు. ఎవరో ఒక డబ్బాను ఎక్కడో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు మిషను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, డబ్బాలో ఉన్న చిన్న పుస్తకంలో సంతకం చేసి, మళ్లీ అక్కడే పెట్టేసి వస్తారు. ఇంతే ఆట. పెద్దవాళ్లు ఇలాంటివి ఆడతారా అని నవ్వాను కానీ, మా ఊళ్లో కూడా ఒక డబ్బా ఉందని తెలిశాక, ఎప్పటికైనా దాన్ని పట్టుకోవాలనుకున్నాను. పోర్టుకొచ్చిన ఏదో ఓడ మనిషి సముద్రం పక్క కొండమీద దాచిపోయాడట. అది దొరికిందా లేదా అన్నది తర్వాత చెబుతాను.

మా సర్వేలో కొలత కర్ర పట్టుకునే కాంట్రాక్టు మనిషి ఒకడుండేవాడు. ముప్పై అయిదేళ్లవాడు, జాలరిపేట వాళ్లబ్బాయి. వారంలో సెలవు దొరికిన రోజు తండ్రితో వేటకి వెళ్లేవాడు. నా మిషను చూసినప్పట్నుంచీ ఏదో అడగాలని తచ్చాడుతుండేవాడు. చివరికి ఒకరోజు అడిగాడు. సముద్రం అడుగున చేపలు చేరే రాతిబండలుంటాయి, వాటిని వాళ్లు పారు అంటారు. అలాంటి పారు ఒకటి వాళ్ల తండ్రికి మాత్రమే తెలుసు. ఒడ్డున ఉన్న కొండకొమ్ముని, లైట్‌హౌస్‌ని, ఒక తెల్ల మేడని కంటితో వరస కలుపుకుని అక్కడికి చేరుకుంటాడు. ఇప్పుడాయనకి నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు.

"ఆయన కళ్లు పోతే ఆ పారు కూడా పోతాది సార్. మీ మిషన్లో ఓసారి గుర్తెట్టీయండి," అన్నాడు.

ఆదివారం తెల్లవారుతుండగా ముగ్గురం వాళ్ల ఫైబరు పడవలో బయల్దేరాం. పెద్దాయన ముందు భాగంలో కూర్చుని, అరచెయ్యి కనుబొమల మీద పెట్టుకుని ఒడ్డువైపే చూస్తున్నాడు. తెల్ల మేడకి అడ్డంగా కొత్త అపార్టుమెంటు లేచిందట, దాన్నీ కట్టినవాళ్లనీ కలిపి తిట్టాడు. నా చేతిలో మిషను చూసి, ఆ డబ్బాకి సముద్రం అడుగు కనిపిస్తాదేటి బాబూ అని అడిగాడు. కనిపించదని, మనం ఎక్కడున్నామో చెబుతుందని అన్నాను. మనమెక్కడున్నామో నాను సెప్తాను కదా అన్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఇంజను ఆపించాడు. సీసపు గుండు కట్టిన తాడు బార తర్వాత బార లెక్కపెడుతూ వదిలాడు. గుండు రాతికి తగిలిన అదురు తాడు పట్టుకున్న నా వేళ్లకి కూడా తెలిసింది. మిషన్లో అంకెలు చూసి నా పుస్తకంలో ఆఫీసులో రాసినట్టే రాసుకున్నాను: ఉత్తరం 17-41-30, తూర్పు 83-24-18.

రెండు నెలల తర్వాత కొడుకు తనకోసం పాత మిషను ఒకటి సంపాదించుకుని, పారు అంకెలు ఎక్కించమని ప్లాంటుకి తెచ్చాడు. మధ్యాహ్నం అన్నం వేళ, నా పుస్తకం పక్కన పెట్టుకుని ఎక్కించాను. అందులో 41 తర్వాత ఒక చుక్క, చుక్క తర్వాత మూడు గళ్లు ఉన్నాయి. నా దగ్గర ముప్పై ఉంది, రెండంకెలు. మూడో గడి ఖాళీగా మిగిలింది. ఒక సున్నా పెట్టాను. పద్దెనిమిది పక్కన ఇంకో సున్నా పెట్టి, సేవ్ నొక్కి, చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

వాళ్లు ఆ అంకెలు పట్టుకుని వెళ్తే గుండుకి బురద తగిలింది. మళ్లీ వెళ్లారు, మళ్లీ బురదే. అప్పటికి పెద్దాయనకి ఒడ్డు మసకగా తప్ప ఆనడం లేదు. ముసలాయన తాడు చేత్తో పట్టుకుని, ఇక్కడ లోతు తక్కువ, ఉత్తరానికి పోనియ్యి, ఇంకాస్త లోపలికి పోనియ్యి అని ఒకటే గొడవ పెట్టాడని కొడుకు నాతో చెప్పాడు. మిషను ఇదే చోటంటుంటే ఎటు పోనిస్తాం అన్నాడు. నిజమే కదా అన్నాను. నా మిషను తీసుకెళ్లి ఒకసారి చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు. అంకెలు అవే కదా మరి.

ఆ తర్వాత పెద్దాయన పడవెక్కడం మానేశాడు. ఒకసారి నేను జాలరిపేట వెళ్తే ఇసకలో కూర్చుని చిరిగిన వలని వేళ్లతో తడుముతున్నాడు. నన్ను గొంతుతో గుర్తుపట్టాడు.

"కళ్లు పోనాయి, సరే. బుర్ర కూడా పోనాదేటి బాబూ?" అన్నాడు.

వయసైతే అంతే తాతా, అందరికీ ఉండేదే అన్నాను. ఆ మాట చాలా మృదువుగా అన్నానని గుర్తు. ఓదార్చినందుకు నాకు నేనే కొంచెం మంచివాడిలా కనిపించాను కూడా.

నాలుగైదు నెలలయ్యాక కొండమీది డబ్బా మీదికి మళ్లీ మనసు పోయింది. దాన్ని దాచినవాడు తెలివైనవాడు. ఇంటర్నెట్‌లో ఇచ్చిన చోటు ఉత్తిది. ఒక చిక్కులెక్క విప్పితే అసలు అంకెలొస్తాయి, ఆ ఉత్తి చోటుకి బదులు వాటిని మిషన్లో ఎక్కించాలి. నెట్ సెంటర్‌లో కూర్చుని లెక్క విప్పాను. ఉత్తరం నిమిషాలు 45, చుక్క, 250 అని వచ్చింది. నా మిషన్లో 45 నిమిషాల 25 సెకన్లు అని నొక్కి కొండెక్కాను. మిషను నన్ను ఒక జీడితోట ముళ్లకంచె ముందు నిలబెట్టింది. అక్కడ ఒక మేక తప్ప ఇంకేమీ లేదు. గంటసేపు వెతికి, రాయిమీద కూర్చుని కాగితం తీశాను. అప్పుడు కనిపించింది. ఆ 250 సెకన్లు కాదు, నిమిషంలో వెయ్యోవంతులు. అంటే పావు నిమిషం, పదిహేను సెకన్లు. కొత్త విద్యార్థి చేసే తప్పు. సరిచేసి నొక్కుతుంటే, ఇలాంటి గళ్లలో ఎప్పుడో ఇదే పని తిరగేసి చేశానని వేళ్లకి గుర్తొచ్చింది.

ముప్పై సెకన్లంటే అర నిమిషం. చుక్క తర్వాత 500 ఉండాలి, నేను 300 పెట్టాను. పద్దెనిమిదికి 300 ఉండాలి, 180 పెట్టాను. అక్కడే కాగితం మీద లెక్కకట్టాను, నాలుగు వందల మీటర్ల పైచిలుకు తేడా. డబ్బా ఎటుందో చూడకుండా కొండ దిగాను. ఆ పుస్తకంలో నా సంతకం ఇప్పటికీ లేదు.

జాలరిపేట దాకా బస్సులో ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. నాకు సిగ్గుగా ఉంది, కొడుకు ముందు మరీ సిగ్గు. కొడుకు మిషను అడిగి తీసుకుని, అంకెలు మారుస్తూ, పైనున్న ఉపగ్రహాల్లో అప్పట్లో ఏదో తేడా వచ్చిందని చెప్పాను. కొడుకు తలూపాడు. పెద్దాయన నిజంగానే అడిగాడు:

"ఉపగ్రహానికి కూడా వయసైపోతాదేటి బాబూ?"

ఇక ఆ అబద్ధం నా నోట సాగలేదు. తప్పు ఉపగ్రహానిది కాదు, మీదీ కాదు, నాది అన్నాను. ఖాళీ గడిలో సున్నా పెట్టానని చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున్నే పడవ దగ్గరికి రమ్మన్నాడు.

కొత్త అంకెల దగ్గర ఇంజను ఆగింది. తాడు ఆయనే వదిలాడు, బారలు ఆయనే లెక్కపెట్టాడు. గుండు రాయి మీద పడింది. కొడుకు మిషను వైపు, నా వైపు చూసి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. రాయి ఇంకా అక్కడే ఉందా అన్నట్టు తాడుని రెండుమూడుసార్లు పైకి లాగి వదిలాడు. తర్వాత, ఇదివరకు బురద తగిలిన చోటునుంచి ఇది ఎటువైపు అని అడిగాడు. ఉత్తరానికి, కొంచెం లోపలికి అని చెప్పాను.

"నాను ఆ రోజే సెప్పినాను కదా," అన్నాడు.

చెప్పాడు. కొడుకు నాతో అన్నాడు కూడా. అప్పుడు ప్లాంటు గేటు దగ్గర టీ తాగుతూ, ఆ మాటకి మేమిద్దరం నవ్వుకున్నాం.