నాలుగు దినాల అక్షరాలు

ఇరవై నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. అదేమంత పెద్ద తప్పు కాదని మీరు అనొచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఎవరి కొంపా కూల్చలేదు కదా, ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. మరి అంత చిన్నదైతే, ఒక మనిషి ఎదురుపడుతుందేమోనని సంతలో సందు మార్చి ఎందుకు నడిచాను? ఆమె పుట్టింటికి వచ్చిందని తెలిసిన ప్రతిసారీ నాకు జ్వరమో తలనొప్పో ఎందుకు వచ్చేది?

నిన్న ఆదివారం దాన్ని కక్కేశాను. చెప్పాల్సిన మనిషి ఎదుటే చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతాను. నా పేరు మాత్రం అడగొద్దు. మా ఊళ్లో ఎలాగూ అందరికీ తెలిసిపోయింది, మీకన్నా తెలియకుండా ఉండనివ్వండి.

మాది బళ్లారి దగ్గర రూపనగుడి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. మా ఈడు ఆడపిల్లలందరూ తెలుగులో పోట్లాడుకుని, తెలుగులో ఏడ్చి, కన్నడంలో పరీక్షలు రాసేవాళ్లు. నేనొక్కదాన్నే తేడా. ఐదో తరగతి దాకా గుత్తి వైపు అమ్మమ్మ ఊళ్లో తెలుగు బడిలో చదివి, తర్వాత ఇక్కడికి వచ్చి పడ్డాను. అక్కడ మా పిన్ని పుస్తకాలు అద్దెకిచ్చే బంకు నడిపేది. అట్టలు ఊడిపోయి అద్దెకు పనికిరాని నవలలను మూటగట్టి బస్సులో మాకు పంపేది. అన్నీ కాలేజీ అమ్మాయిల కథలే. తెలుగులో ఒక్క ముక్కైనా చదవగలిగిన పిల్ల మా వీధిలో నేనే. అది నాకు కిరీటం.

మిరపకాయల కాలంలో సెలవు దొరికితే చాలు, ఆడపిల్లలందరం కళ్లానికి పోయేవాళ్లం. ఎండిన కాయల తొడిమలు తుంచడం పని. గంప నిండితేనే కూలి. మధ్యాహ్నానికల్లా నడుము పడిపోయేది, వేళ్లు భగభగమనేవి. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక ఆ రోజంతా ఏడుపే. ఒకరోజు ఊరికే ఒక నవల పట్టుకుపోయి పైకి చదివాను. అంతే. సాయంత్రానికి నన్ను ఎవ్వరూ కాయ ముట్టనివ్వలేదు. తలా ఒక దోసెడు తాము తుంచిన కాయలు తెచ్చి నా గంపలో వేశారు. మర్నాటి నుంచి అదే వాడుక అయిపోయింది. నా గంపకు కథ గంప అని పేరు పెట్టారు. పన్నెండు మంది వేళ్లు మండేవి, నా గంప నిండేది.

చెప్పుకోకూడదు గానీ, ఎంత బాగా చదివేదాన్నో. కథలో హాస్టల్ వార్డెన్ గొంతు వేరు, కథానాయిక వకుళ గొంతు వేరు. సరిగ్గా ఉత్కంఠ ఉన్నచోట పుస్తకం మూసేసి నీళ్లు తాగేదాన్ని. పన్నెండు మొహాలు నా గుటక కోసం ఎదురుచూసేవి. ఆ సుఖం ఏమని చెప్పను.

ఇంతకీ ఆ నవలల్లో ఏముండేది? ఏమీ ఉండేది కాదు. వకుళ అనే అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. ఎనిమిదింటికి నిద్ర లేస్తుంది. లేచి, ఉప్మాలో జీడిపప్పు లేదని అలుగుతుంది. ఎవరిదో గొడుగు తనదనుకుని ఎత్తుకొస్తుంది, ఇక నలభై పేజీలు ఆ గొడుగు గొడవే. స్నేహితురాళ్లతో పందెం కట్టి వార్డెన్ కళ్లజోడు దాచేస్తుంది. ఎవరూ చచ్చిపోరు. ఎవరూ ఎవరినీ కొట్టరు. పెద్దవాళ్లు అవి పనికిమాలిన పుస్తకాలనేవారు. వాళ్లకేం తెలుసు? చీకట్లో లేచి, నీళ్లు మోసి, కసువు ఊడ్చి, చంటివాడిని చంకనేసుకుని కళ్లానికి వచ్చిన పిల్లకు, ఎనిమిదింటి దాకా పడుకున్న పిల్ల కథకు మించిన కథ ఇంకేముంటుంది? ఎదురు మాట్లాడినా చెంప పగలని ఇల్లు ఒకటి లోకంలో ఉంటుందని మాకు ఆ పుస్తకాలే చెప్పాయి. పదహారేళ్ల పిల్ల కారణం లేకుండా నవ్వొచ్చని కూడా అవే చెప్పాయి. మా ఇళ్లలో నవ్వితే ఎందుకు నవ్వావని అడిగేవారు. దానికి జవాబు ఉండాలి.

ఆ పన్నెండు మందిలో హులిగెమ్మ ఒకతె. నాకంటే రెండేళ్లు చిన్నది, ఏడో తరగతి చదివేది. అందరూ కథ విని నవ్వితే, అది మాత్రం నా చేతిలోని పుస్తకాన్నే చూస్తూ నవ్వేది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ సంగటి తిని పడుకున్నాక నా పక్కకు జరిగింది.

"అక్కా, నాకూ ఆ అక్షరాలు నేర్పిస్తావా?" అంది.

"నీకెందుకు మే? నేను సదువుతాండా గదా."

"నువ్వు ఊరికి పోతే ఎవరు సదువుతారు? నేర్చుకుంటే ఇంట్లోనే సదువుకుంటా. సుమ్నే పండుకోని, నాకు నేనే నగుకుంటా."

సుమ్నే అంటే మా వైపు ఊరికే అని. ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా. అది అడిగింది ఆ ఒక్కటే. నేను నా లెక్క వేసుకున్నాను. అది నేర్చుకుంటే రేపు ఇంకొకతె నేర్చుకుంటుంది. ఆ తర్వాత నా గంపలో దోసెడు ఎవరు వేస్తారు? నా గుటక కోసం ఎవరు ఎదురుచూస్తారు?

"వద్దు మే," అన్నాను. "ఈ అక్షరాలు నేర్చుకుంటే ఆ అక్షరాలు చెడిపోతాయి. నన్ను మేష్ట్రు ఎట్ల కొట్నాడో నువ్వు చూళ్ళేదా? ఏడో క్లాసు పరీక్ష ఫేలయితివంటే మీ నాయిన సాలి సదువు మానిపిచ్చేస్తాడు. ఆమీద నీ ఇష్టం."

"నిజంగానా అక్కా?"

"పుస్తకం మింద ఒట్టు."

చేతిలో ఉన్న నవలను కళ్లకు అద్దుకుని మరీ ఒట్టేశాను. హులిగెమ్మ కాసేపు తన చేతులు చూసుకుంది. "అట్లయితే వద్దులే అక్కా," అని వెళ్లి తన గంప ముందు కూర్చుంది. సాయంత్రం నా గంపలో రోజూ వేసే దోసెడే వేసింది. తక్కువ కూడా వేయలేదు.

నేను చెప్పినదాంట్లో ఒక గింజ నిజం ఉంది, అందుకే అది అంత బాగా మొలిచింది. తెలుగు బడి నుంచి వచ్చిన కొత్తలో కన్నడ అక్షరాలకు తెలుగు తలకట్లు పెట్టి మేష్ట్రు చేత నిజంగానే దెబ్బలు తిన్నాను. కానీ ఎన్నాళ్లు? వారం. రెండూ అక్కాచెల్లెళ్లలాంటి అక్షరాలు. వారం తిరిగేసరికి రెండూ గడగడా చదివాను, ఆ ఏడు కన్నడంలో క్లాసుకు ఫస్టు కూడా వచ్చాను. ఆ సంగతి హులిగెమ్మకు చెప్పలేదు. రెండు లిపుల మధ్య బతికే మా వైపు వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ మాట నమ్మరు, మా వాళ్లు తప్పకుండా నమ్ముతారు. అది తెలిసే చెప్పాను. తెలియక చేశానని అనడానికి నాకు దారే లేదు.

ఆ పిల్ల బస్సు బోర్డు మీద తెలుగు కనిపిస్తే మొహం తిప్పుకునేదని తర్వాత ఎవరో చెప్పారు. ఎక్కడ కళ్లలో పడి కన్నడం పాడవుతుందోనని భయం. ఏడో తరగతి మంచి మార్కులతో పాసయింది. అయినా వాళ్ల నాయన చదువు మానిపించేశాడు. ఆ రోజైనా చెప్పొచ్చు కదా నేను? ఇక చెడిపోవడానికి పరీక్షే లేదు కదా? చెప్పలేదు. అప్పటికి కథ గంప ఇంకా నిండుతూనే ఉంది.

పద్దెనిమిదో ఏట నాకు పెళ్లయి సంగనకల్లుకు వెళ్లేటప్పుడు, పెద్ద దాతలాగా నవలలన్నీ పంచిపెట్టాను. చదవలేని పిల్లలకు. వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుని తీసుకున్నారు. హులిగెమ్మ ఏరికోరి, మేం సగంలో ఆపేసిన వకుళ పుస్తకం తీసుకుంది. వకుళ కళ్లజోడు జేబులో పెట్టుకుని నీళ్ల ట్యాంకు వెనక నక్కి ఉంది, వార్డెన్ చెప్పుల చప్పుడు దగ్గరికి వస్తోంది. సరిగ్గా అక్కడ ఆపాను. రెండేళ్లకు హులిగెమ్మకూ పెళ్లయింది. సిరుగుప్ప వైపు హచ్చొళ్ళికి కాపురానికి వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు మేం మళ్లీ మా ఊరికే వచ్చేశాం. ఇప్పుడు పంచాయతీ గ్రంథాలయం చూసుకునేది నేనే. పిల్లలకు చదువు మీద ప్రేమ పుట్టించే మనిషినని ఒక సభలో నాకు శాలువా కూడా కప్పారు. ఆ శాలువాను ఇంతవరకూ మడత విప్పలేదు.

పోయిన నెలలో ఒక అమ్మాయి వచ్చింది. పదిహేనేళ్లుంటాయి. హులిగెమ్మ కూతురు సహన. అవ్వ ఇంట్లో ఉండి ఇక్కడి హైస్కూల్లో చదువుకుంటోంది. సంచిలోంచి పాత చీరగుడ్డలో చుట్టిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"పెద్దమ్మా, మా అమ్మ ఇది నీతో సదివించుకోని రమ్మనింది. ఆ కళ్లజోడు ఏమాయనో అడగమనింది."

ఆ పుస్తకాన్ని హులిగెమ్మ ఇన్నేళ్లూ దాచింది. పుట్టింటి నుంచి అత్తింటికి, పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి, చదవలేని పుస్తకాన్ని మోసుకుని తిరిగింది. మేం ఆపిన పేజీలో ఎండిన మిరప తొడిమ ఒకటి గుర్తుగా పెట్టి ఉంది.

నా చెయ్యి దానంతట అదే పుస్తకం మీదికి పోయింది. ఇటివ్వు, చదివి చెబుతాను అనబోయాను. ఇన్నేళ్లయినా ఆ రోగం పోలేదు చూడండి. నోటిదాకా వచ్చిన మాటను మింగి, "కూర్చో, నువ్వే చదువుదువు గానీ," అన్నాను.

సోమవారం మొదలుపెట్టాం. కన్నడ అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసి చూపించాను. ఆ పిల్ల నవ్వింది, ఇదేంది పెద్దమ్మా రెండూ ఒకటే గదా అంది. మంగళవారం ఒత్తులు. బుధవారం తడుముకుంటూ ఒక పేజీ. గురువారం నేను రిజిస్టరు రాసుకుంటుంటే మూల బెంచీ మీంచి పకపకా నవ్వు వినిపించింది. వెళ్లి చూస్తే సహన వెల్లకిలా పడుకుని, పుస్తకం మొహం మీదికి పెట్టుకుని, ఒక్కతే నవ్వుతోంది. సుమ్నే. హులిగెమ్మ అడిగింది అచ్చం ఇదే. నేను అల్మారా వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. ఇంతా చేస్తే నా అబద్ధం ఆయుష్షు నాలుగు దినాలు. గెలిచిందే ఆ పిల్ల అనుకున్నాను. ఓడిపోయినందుకు అంత సంతోషం నా జన్మలో ఎరగను.

నిన్న ఆదివారం హులిగెమ్మ కాయల పనికి పుట్టింటికి వచ్చిందని తెలిసింది. ఈసారి నాకు జ్వరం రాలేదు. కళ్లానికి వెళ్లాను. పదిమంది ఆడవాళ్లు గంపల ముందు కూర్చున్నారు, మధ్యలో సహన పుస్తకం పట్టుకుని చదువుతోంది. నాలాగా గొంతులు మార్చడం లేదు. ఉత్కంఠ దగ్గర ఆపడం లేదు. గడగడా, కాలవ నీళ్లలాగా చదువుకుంటూ పోతోంది. వకుళ కంగారులో కళ్లజోడును వంటావిడ పప్పు డబ్బాలో పడేసింది. అది పప్పుతో పాటు ఉడికి వార్డెన్ కంచంలోకే వచ్చింది. కళ్లం కళ్లమంతా విరగబడి నవ్వింది. హులిగెమ్మ కళ్లు తుడుచుకోబోయి, మిరపకాయల చెయ్యి గుర్తొచ్చి, భుజంతో తుడుచుకుంది.

ఆ నవ్వు తగ్గకముందే చెప్పేయాలనిపించింది. తగ్గితే నాకు మళ్లీ ధైర్యం రాదు. నిలబడే చెప్పాను, అందరూ వింటుండగానే. అక్షరాలు చెడిపోతాయని నేను చెప్పింది అబద్ధం హులిగెమ్మా అన్నాను. నా గంప కోసం చెప్పాను అన్నాను. పుస్తకం మీద వేసిన ఒట్టు దొంగ ఒట్టు అన్నాను. నీ బిడ్డకు నాలుగు రోజుల్లో వచ్చేసింది, నీకూ నాలుగు రోజుల్లోనే వచ్చేది అన్నాను.

హులిగెమ్మ చేతిలోని కాయను తిప్పితిప్పి చూసింది.

"నాలుగు దినాలా?" అంది.

తలూపాను.

అంతకు మించి నన్ను ఏమీ అనలేదు. తిట్టలేదు. పోనీలే అక్కా అని కూడా అనలేదు. ఆ మాట అంటుందని నాలో ఒక మూల ఆశ ఉండిందని, అనకపోయాకే నాకు తెలిసింది. ఆమె లేచి చేతులు కడుక్కుంది. రెండుసార్లు బూడిద పెట్టి తోమి, కొంగుతో తుడుచుకుని వచ్చింది. కూతురి చేతిలోంచి పుస్తకం తీసుకుంది. తన గంపను కాలితో నా వైపు నెట్టింది.

కూర్చున్నాను. తొడిమ తుంచాను. ఇంకొకటి తుంచాను. నా ముందు హులిగెమ్మ వేలు పెట్టి, బిడ్డ అందిస్తుంటే, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటోంది. వ. కు. ళ. ఆ పేరును మూడుసార్లు చదివింది. నాలుగోసారి ఎవరూ అందించకుండానే చదివి, తలెత్తి అందరి వైపూ చూసింది. నా వైపు తప్ప. ఆమె మొహం వెలిగిపోతోంది.

ఆమె నన్ను క్షమించిందా? లేదు. క్షమించమని నేను అడిగానా? అదీ లేదు. చెప్పేశాను, అంతే. గంప సగం నిండేసరికి వేళ్లు మండటం మొదలుపెట్టాయి. మజ్జిగలో ముంచుకోమని ఎవరో గిన్నె ఇచ్చారు గానీ ముంచలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతూనే ఉన్నాయి. హాయిగా ఉంది.